తొమ్మిదో నంబరు బిళ్ళ

ఐదు రోజులు ప్రెస్సుకు తాళం వేసి ఎక్కడికి పోయావని సగం హుస్నాబాద్ నన్ను అడిగింది. మిగతా సగం మొహమాటపడింది. "నిద్రపోయేటోళ్ళను చూడబోయిన" అని నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు. మా ఆవిడైతే, దానికి అంత దూరం పోవడం దేనికి, మధ్యాహ్నం పూట ప్రెస్సులో అద్దం చూసుకుంటే సరిపోయేది కదా అంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కొంచెం ఎక్కువైతే ఆ ఎక్కువను మీరే తీసేసుకోండి.

ఇల్లు లేక బయట పడుకునేవాళ్ళు మన పట్టణాల్లో ఎందరున్నారో లెక్క తీయాలని ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు పూనుకున్నారు. ఆ లెక్కను బట్టి ఏ ఊళ్ళో ఎన్ని పడకల వసతి గది తెరవాలో తేలుతుంది. లెక్కలో పడ్డ మనిషికి ఈ చలికాలం పైన కప్పు, కింద పరుపు. పడనివాడికి పాత ఆకాశమే. వాళ్ళ ఫారాలు నా ప్రెస్సులోనే అచ్చయ్యాయి. నేను అచ్చేసిన అక్షరాలు నాకు తప్ప ఇంకొకరికి కనబడవని నాకొక పేరుంది. అందువల్ల తనిఖీకి నన్నే పిలిచారు. పని చిన్నదే. నాలుగు ఊళ్ళు తిరిగి, లెక్కపెట్టినవాళ్ళ సంతకాలతో ఫారాలు పోగు చెయ్యాలి. ఒకే మనిషి రెండు చోట్ల పడితే ఒకచోట కొట్టెయ్యాలి. ఐదో రోజు ఆదిలాబాద్‌లో అప్పజెప్పాలి. ఇరవై ఏళ్ళుగా పెళ్ళి పత్రికలు తప్ప ఏమీ చూడని కళ్ళకు కాస్త మార్పు అనుకుని బయల్దేరాను. ఒక మనిషి తప్పిపోతాడనీ, అందులో నా ప్రెస్సు చెయ్యి ఉంటుందనీ అప్పుడు తెలియదు.

కరీంనగర్: చెప్పులు విడిచిన చోటు

మొదటి రోజు మధ్యాహ్నం కరీంనగర్‌లో మాకు పాఠం చెప్పారు. నియమాలు తక్కువే. తెల్లవారక ముందే పోవాలి, ఎందుకంటే దుకాణాల షట్టర్లు లేచేసరికి వాటి ముందు పడుకున్నవాళ్ళు పొగమంచుతో పాటే కరిగిపోతారు. నిద్రలో ఉన్న మనిషిని లేపకూడదు, వయసు అందాజుగా వేసుకోవాలి. ఎవరు ఏ ఊళ్ళో పడుకుంటే ఆ ఊరి లెక్కలోనే రాయాలి.

వెనక బెంచీలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. ఆయన లేవగానే గదిలో వెలుతురు సగమైంది, భుజాలు అంత వెడల్పు. నస్పూర్ నుంచి వచ్చిన మల్లయ్య. ముప్పై అయిదేళ్ళు బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి.

"లెక్క పెడ్తం, సరే సారూ. పెట్టినంక గా మనిషి మంచిగున్నడో లేడో ఎట్ల ఎర్కైతది?"

"అది మన పని కాదండీ" అన్నాడు పాఠం చెప్పే ఆయన.

"మా బాయిల గట్ల నడ్వది." గనిని అక్కడ బాయి అంటారు. "దిగేటప్పుడు ఒక్కొక్కనికి ఒక నంబరు బిళ్ళ ఇస్తరు. పైకొచ్చినంక గా బిళ్ళ తెచ్చి మేకుకు తగిలియ్యాలె. ఒక్క మేకు ఖాళీ ఉన్నా డ్యూటీ దిగినట్టు కాదు. ఎవ్వడు ఇంటికి పోడు. మళ్ళ లోపలికి దిగి ఎతుకుడే."

గది మొత్తం నవ్వింది. నవ్వనిది ఆయన ఒక్కడే. చాయ్ తాగేటప్పుడు నా పక్కకొచ్చి కూర్చుని, "తమ్మీ, నీది ప్రెస్సట గద. గట్టి అట్ట ఏమన్న ఉన్నదా? బిళ్ళలు కోసుకుంట" అని అడిగాడు. నా సంచిలో, ఫారాలు నలగకుండా కింద అట్టగా పెట్టుకున్న ఒక పెళ్ళి కార్డు ఉంది. వరుడి పేరులో ఒక అక్షరం ఎగిరిపోయి వెనక్కి వచ్చిన కార్డు. బాగా ఉన్నవాళ్ళ పెళ్ళి కనుక పళ్ళెమంత ఉంటుంది, నలుగురు కూర్చుని భోంచెయ్యవచ్చు. వెనకవైపు తెల్లగానే ఉంది. ఇచ్చేశాను. ఆయన దాన్ని వేళ్ళతో కొలిచి, "పన్నెండైతయి" అని జేబులో కత్తెర తడుముకున్నాడు.

మర్నాడు చుక్క పొడిచే వేళకు నేను కరీంనగర్ వీధుల్లో ఉన్నాను. ఆ వేళ ఊరు ఇంకా పూర్తిగా తయారుకాదు. దీపాల చుట్టూ మంచు దూదిలా పట్టుకుని ఉంటుంది. బోర్డుల మీద అక్షరాలు ఇంకా మేల్కొనలేదు. రోడ్డు మధ్యలో నిలబడితే మీరే ఎవరి కలలోకో వచ్చి నిలబడ్డట్టు ఉంటుంది, ఎవరి కలో తెలియదు, గట్టిగా దగ్గితే వాళ్ళు లేచి మనం మాయమైపోతామని భయం.

గాజుల దుకాణం ముందు ఒక ముసలామె అప్పటికే లేచి, మూడు రాళ్ళ మీద నీళ్ళు కాచుకుంటోంది. ఫారం తీసి దగ్గరికి పోయాను.

"ఆగు. చెప్పులిడువు" అంది.

"బజార్ల చెప్పులిడవాల్నా అవ్వా?"

"బజారు గదే, నువ్వు నిలబడ్డ కాడ. ఇది నా జాగ."

కిందికి చూశాను. ఫుట్‌పాత్ మీద జానెడు పొడుగు ముగ్గు. గడప ఎక్కడుందో ఆ ముగ్గు చెబుతోంది. మా హుస్నాబాద్‌లో మూడంతస్తుల మేడల్లో కూడా ఇప్పుడు చెప్పులతోనే సోఫా దాకా పోతున్నారు. నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. లోపలికి అంటే ఒక అడుగు. ఆమె ముందు గ్లాసుడు నీళ్ళిచ్చింది, తరువాత ఏం పని మీద వచ్చావని అడిగింది. 'ఇల్లు లేనివాళ్ళ' అని నేనే అచ్చేసిన శీర్షికను ఫారం మడిచి దాచుకున్నాను. ఆమె ఆనందంగా లెక్కలో పడింది. "పడక ఎప్పుడిస్తరు? నాకు తలాపు తూర్పుకుండాలె" అని షరతు కూడా రాయించింది.

ఆ పూట బస్టాండు పక్కన సర్వపిండి తిన్నాను. ఇరవై రూపాయలు. దాని వెడల్పుకు బండి చక్రం సిగ్గుపడాలి.

మెట్‌పల్లి: పసుపు నిద్ర

మెట్‌పల్లిలో లెక్క బాధ్యత కరుణమ్మది. మిషన్ చర్చి వాళ్ళమ్మాయి, నర్సుగా పనిచేసి మానేసింది. లెక్క మొదలుపెట్టే ముందు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేస్తుంది, "ప్రభువా, ఎవ్వరిని రెండుసార్లు రాయనియ్యకు, ఎవ్వరిని ఇడిసిపెట్టనియ్యకు" అని. తనిఖీదారుకు ఇంతకన్నా ఏం కావాలి.

మూడో రోజు తెల్లవారుజామున నేను మార్కెట్ యార్డుకు పోయేసరికి ఒక వింత చూశాను. అక్కడ పడుకునేవాళ్ళు కప్పుకునేది పసుపు నింపే గోనె సంచులు. నిరుటి పంట వాసన ఇంకా వాటిని వదల్లేదు. మసక వెలుతురులో ఒక్కొక్కరి మొహం, చేతులు, పాదాలు పచ్చగా మెరుస్తున్నాయి. నలుగు పెట్టుకుని ముహూర్తం కోసం పడుకున్న పెళ్ళికొడుకుల వరుసలా ఉంది. నేనొక మూట మీద కూర్చుని వాళ్ళను చూస్తూ ఉండిపోయాను. శాలువా తలమీదుగా కప్పుకున్నట్టు గుర్తు. తరువాత పసుపురంగు నదిలో పడవ మీద పోతున్నట్టు గుర్తు.

మెలకువ వచ్చేసరికి బాగా తెల్లవారింది. కరుణమ్మ ఫారాలు తెచ్చి ఇచ్చింది. తనిఖీ చేస్తుంటే ఒక వరుస దగ్గర కన్ను ఆగింది. 'మగ. వయసు సుమారు డెబ్బై. పసుపు మూట మీద. కప్పుకున్నది: పాత శాలువా. ఆరోగ్యం: గురక భయంకరం.'

"ఈయన ఎక్కడున్నడు కరుణమ్మా?"

ఆమె నా శాలువా వంక చూసింది, తరువాత ఆకాశం వంక చూసింది. "ఎవ్వరిని లేపొద్దన్నరు గద సార్" అంది.

నాకు యాభై రెండు. కొట్టేశాను. ఈ ప్రయాణంలో నేను ఉత్సాహంగా కొట్టేసిన వరుస అదొక్కటే.

నస్పూర్: ఒక మేకు ఖాళీ

నస్పూర్‌కు చేరేసరికి మధ్యాహ్నం. అక్కడి చాయ్ చిక్కదనం గురించి చెబితే మీరు నమ్మరు, చెంచా నిలబెడితే నిలబడుతుంది, దాని నీడలో ఇంకో చెంచా కూర్చోవచ్చు. పది రూపాయలు. ఆ చాయ్ హోటల్ గోడకు మల్లయ్య ఒక చెక్క బిగించాడు. చెక్కకు పన్నెండు మేకులు. పదకొండింటికి అట్టబిళ్ళలు వేలాడుతున్నాయి. తొమ్మిదో మేకు ఖాళీగా ఉంది. మల్లయ్య దాని ఎదురుగా బెంచీ వేసుకుని కూర్చున్నాడు.

సంగతి ఇదీ. ఆ తెల్లవారుజామున ఆయన తన వాటా వీధులన్నీ తిరిగి పన్నెండు మందిని లెక్కపెట్టాడు. పన్నెండు మందికీ తలా ఒక బిళ్ళ ఇచ్చి, పొద్దెక్కాక తెచ్చి ఇచ్చినవాళ్ళకే పడక చీటీ అని చెప్పాడు. పదింటికల్లా పదకొండు మంది వచ్చి బిళ్ళ ఇచ్చి, చాయ్ తాగి, చీటీ పట్టుకుని పోయారు. తొమ్మిదో నంబరు రాలేదు.

"ఎవరాయన?"

మల్లయ్య ఫారం చూపించాడు. అందులో పేరు రాసే గడి లేదు కనుక అంచున పెన్సిల్‌తో రాశాడు: నర్సయ్య. మర మగ్గాల మీద చేసేవాడు. మగ్గాలు మూతపడ్డాక మూడు రోజుల కిందట పని వెతుక్కుంటూ వచ్చాడు. ఆరోగ్యం గడిలో: 'జ్వరం బాగున్నది. దగ్గు. పొద్దెక్కినంక దవాఖానకు తోల్కపోవాలె.'

"ఒళ్ళు పెనం లెక్క కాలుతుండె తమ్మీ. పొద్దెక్కినంక వస్తనంటె సరే అన్న. అప్పుడే తోల్కపోతె అయిపోతుండె."

"వస్తాడులే. సంతకం పెట్టు, నేను సాయంత్రం బస్సుకు పోవాలి."

"ఎట్ల పెడ్త? మేకు ఖాళీ ఉండె."

"సంతకం లేని ఫారం చెల్లదన్నా. మిగతా పదకొండు మంది చీటీలు కూడా ఉత్తవైపోతాయి."

"పదకొండు మంది పైకొచ్చిండ్రు. ఒక్కడు ఇంక లోపల్నే ఉన్నడు." ఆయన నా వైపు తిరగను కూడా లేదు. "పన్నెండు మంది మంచిగున్నరని నేనెట్ల సంతకం పెడ్త?"

సాయంత్రం బస్సు నన్ను చూస్తూనే వెళ్ళిపోయింది. ఇద్దరం కలిసి వెతికాం. బస్ షెల్టర్లు, రైలు వంతెన కింద, మూతపడ్డ క్వార్టర్ల వరండాలు, దవాఖాన. పొద్దుగూకే వేళ అక్కడ బొగ్గు ధూళి మీద సూర్యుడు పడితే ఊరు మొత్తం ఆరిపోబోయే నిప్పుకణంలా కనిపిస్తుంది. ఆ ఎర్రటి పొడిలో ఎదురొచ్చిన ప్రతి బక్క మనిషీ నర్సయ్యే అనిపించాడు. నేను ఆయన్ని చూసిందే లేదు, అయినా గుర్తుపట్టాను, పదిమందినైనా గుర్తుపట్టి ఉంటాను.

మల్లయ్య ఫోను మోగింది. ఆయన భార్య లచ్చవ్వ గొంతు నాకు రోడ్డు అవతలికి కూడా వినపడేది.

"ఇంటికొస్తవా, లేకుంటె నిన్ను గూడ నీ ఫారంల రాస్కుంటవా?"

"ఒకడు రాలే ఇంక."

"నీ బాయి బంద్ కాలేదా? రిటైర్మెంట్ కాయిదం నాకు సూపిస్తివి గద."

"అన్నం పక్కన పెట్టు" అని ఫోను జేబులో వేసుకున్నాడు. ఇంటికి మాత్రం పోలేదు. హోటల్ బెంచీ మీద ఆయనా, ఇంకో బెంచీ మీద నేనూ. నా వయసు ఈసారి ఎవరు ఎంత వేస్తారోనని శాలువా తలమీదికి రానివ్వలేదు.

బోర్లించిన పెళ్ళి

నాలుగో రోజు ఉదయం చాయ్ కోసం చూస్తూ, చేతికి పని లేక, ఒక బిళ్ళను మేకు మీదనే తిప్పాను. వెనకవైపు బంగారు అక్షరాలు: 'చి.ల.సౌ.' ఇంకోటి తిప్పాను. సగం వినాయకుడు. తొండం ఇంకో బిళ్ళ మీద ఉంది. అచ్చు పనివాడి చేతులు ఊరుకోవు. పదకొండు బిళ్ళలూ తీసి బెంచీ మీద బోర్లించి, వరుస కలిపాను. వధువు వచ్చింది, ఆమె వెనకే అక్షరం ఎగిరిన వరుడు వచ్చాడు, మేనమామలు వచ్చారు, నిన్నటి తేదీ వచ్చింది, రాత్రి విందు వచ్చింది. పెళ్ళి మొత్తం కుదిరింది, కింద ఎడమ మూలన ఒక్క చదరం తప్ప. ఆ ఖాళీలోంచి బెంచీ చెక్క కనబడుతోంది.

ఆ మూలలో ఏముందో నాకు చూడనక్కర్లేదు. అచ్చు కూర్చింది నేనే.

"ఏముండె తమ్మీ గక్కడ?"

"వేదిక" అన్నాను. "కల్యాణ మండపం, రైల్వే గేటు పక్కన, ఆదిలాబాద్. దాని కింద ఒక ముక్క. 'ఇదే మా పిలుపుగా భావించి తప్పక రాగలరు.'"

మల్లయ్య ఆ ఖాళీ చదరం మీద వేలు పెట్టాడు.

"నాలుగో క్లాసు దాక సదివినని చెప్పిండు" అన్నాడు. "బిళ్ళ తెచ్చిచ్చినోళ్ళకే పడక అని చెప్పిన. యాడికి తేవాల్నో చెప్పలే. గీ హోటల్ అందరికి ఎర్కే అనుకున్న. ఆయన కొత్తోడు."

"కార్డు నాది" అన్నాను.

"కత్తెర నాది" అన్నాడు.

అంత జ్వరంతో ఒక మనిషి, చేతిలో అడ్రసు పట్టుకుని, పిలిచారు కదా అని బస్సెక్కాడు. అది కూడా ఏ ఊరికి? చలికే చలి పుట్టించే ఊరికి.

ఆదిలాబాద్ దారిలో

బస్సు పొగమంచులోకి దిగింది. రోడ్డు మీద పోతున్నామా, మబ్బులో పోతున్నామా చెప్పడం కష్టం. డ్రైవరు కూడా అందాజుగానే నడుపుతున్నాడు, వయసు వేసినట్టు. అప్పుడప్పుడు ఒక పత్తి లారీ తెల్లటి కొండలా మంచులోంచి పుట్టి, మా పక్కనుంచి చప్పుడు లేకుండా పోయి, మళ్ళీ మంచులో కలిసిపోయేది. దాని వెనక గాలిలో పత్తి పింజలు ఎగురుతూ కిటికీకి అంటుకునేవి. మంచు ఏదో, పత్తి ఏదో తెలియలేదు. కాసేపటికి మల్లయ్య మీసం కూడా పత్తేనేమో అనిపించింది.

నేను రెండు స్వెట్టర్ల మీద శాలువా, శాలువా మీద దుప్పటి వేసుకున్నాను. ఎదురు సీటు ఆమె తన బుట్టలోని కోడిని నా వైపు జరిపింది, వెచ్చగా ఉంటుందని. కోడి కూడా ఒప్పుకుంది.

"నర్సయ్య కాడ ఒక తువ్వాల ఉండె. గంతే" అన్నాడు మల్లయ్య, ఎవరితోనూ కాకుండా.

ఆదిలాబాద్: రెండు వైపులా చుట్టం

మండపం దొరకడం తేలికే. రాత్రి పెళ్ళి తాలూకు పందిరి ఇంకా విప్పలేదు. వాచ్‌మన్ మామిడి కొమ్మలు ఊడదీస్తున్నాడు.

"బక్కగ, పెద్దమనిషి, తువ్వాల మెడకేస్కొని? హో, వచ్చిండు గద. నిన్న మధ్యానమే వచ్చిండు. గేటు కాడ ఆపితే చేతిల కార్డు ముక్క సూపిచ్చిండు. మా పెళ్ళి కార్డే. నేనేమంట?"

"తరువాత?"

"లోపల కూసున్నడు. పిల్ల దిక్కోళ్ళు పిలగాని దిక్కు అనుకున్నరు, పిలగాని దిక్కోళ్ళు పిల్ల దిక్కు అనుకున్నరు. ఇద్దరు మర్యాద చేసిండ్రు. రెండుసార్లు పన్నీరు చల్లిండ్రు, వద్దంటున్నా లడ్డు పెట్టిండ్రు. తింటలేడు, ఊకె అందరిని పడక ఏడ, బిళ్ళ ఎవలకియ్యాలె అని అడుగుతుండె. పెద్దాయన అలిసిండని పక్కన జంపఖానా పరిచి పండుకోబెట్టినం."

"ఇప్పుడెక్కడున్నడు?"

వాచ్‌మన్ కొమ్మ కింద పడేశాడు. "పొద్దుగాల లేవలే. అందరు పోయిండ్రు, ఆయన లేవలే. అప్పుడే ఒక తాయి వచ్చింది, కాయిదాలు పట్టుకొని, బయట పండుకున్నోళ్ళను రాస్తున్నమని. ఆయన నుదురు పట్టి చూసి ఆటో పిలిచింది."

మల్లయ్య అప్పటికే గేటు దాటాడు. ఆ వెడల్పు మనిషి పరుగెత్తుతుంటే రైల్వే గేటు తనంతట తానే లేచిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

పెద్దాసుపత్రిలో

నర్సయ్య కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. చేతికి సెలైన్, తలకు ఎవరిదో ఆకుపచ్చ మఫ్లరు. దగ్గర కూర్చున్న ఆమె జొన్నరొట్టె చిన్న ముక్కలు చేసి పాలలో నానబెడుతోంది. ఆదిలాబాద్ లెక్క చూసే శోభా తాయి ఆమె, తాయి అంటే మరాఠీలో అక్క, బడిలో పిల్లలకు ఆ భాషే చెబుతుంది. దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగిందనీ, వేళకు తెచ్చారనీ, రెండు మూడు రోజుల్లో తిరిగేస్తాడనీ, మళ్ళీ బయట చలిలో పడుకుంటే మాత్రం తన పూచీ కాదనీ డాక్టరు చెప్పి వెళ్ళాడట.

మల్లయ్య మంచం దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఏమంటాడో అని చూశాను.

"బిళ్ళ ఏది?" అన్నాడు.

నర్సయ్య దిండు కింద వెతికి, నలిగిన అట్టముక్క తీసిచ్చాడు. "ఎవ్వలు తీస్కోలే అన్నా. అందర్ని అడిగిన" అన్నాడు, తప్పు తనదైనట్టు. మల్లయ్య దాన్ని రెండు చేతులతో అందుకుని, జేబులో వేసుకుని, గోడ వైపు తిరిగి కాసేపు ముక్కు తుడుచుకున్నాడు.

అంతా బాగానే ఉంది అనుకుని నేను ఫారాలు తెరిచాను. నర్సయ్య నస్పూర్ లెక్కలో ఉన్నాడు. ఆదిలాబాద్ లెక్కలోనూ ఉన్నాడు. ఒకచోట కొట్టెయ్యాలి. కొట్టేసిన ఊళ్ళో పడక పోతుంది.

"నా లెక్కల కొట్టేస్తమంటె ఊకోను కాకా" అంది శోభా తాయి. "నిద్రపోయింది ఈడ, దొరికింది ఈడ. రూలు గదే గద?"

"ముందుగాల రాసింది నేను బిడ్డా. నాతాన జ్వరం గూడ రాసి ఉన్నది."

"జ్వరం రాసి వదిలేసిన్రు. నేను ఆటోల ఏస్కొచ్చిన."

మల్లయ్య నేలవైపు చూశాడు. శోభా తాయి కూడా అన్నందుకు బాధపడి రొట్టె ఇంకా చిన్న ముక్కలు చేసింది. ఆ వార్డులో నేను నిలబడి ఉండగా, మగ్గాలు పోయినప్పటినుంచి ఎవరూ నావాడు అనని మనిషి కోసం రెండు పట్టణాలు సరిహద్దు తగాదా పడ్డాయి. నా కలం గాల్లోనే ఉండిపోయింది.

"నర్సయ్యా, నువ్వే చెప్పు" అన్నాను. "ఎక్కడుంటవు?"

"నన్నడుగుతున్నరా?" అన్నాడు. పక్క మంచం మీద ఎవరైనా ఉన్నారేమోనని అటు చూశాడు. ఎవరూ లేరు. లేచి దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మఫ్లరు సవరించుకున్నాడు. మా ఊళ్ళో పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దలు కూడా అంత తీరిగ్గా కూర్చోగా చూడలేదు.

"నాకు చప్పుడు లేకుంటె నిద్ర పట్టది సార్. ముప్పై ఏండ్లు మగ్గాల నడుమ పండుకున్న."

"మా కాడ పొద్దుమాపు బొగ్గు లారీలే" అన్నాడు మల్లయ్య వెంటనే. "గోడలు అదుర్తయి. ముచ్చట గూడ ఇనరాదు."

"మా తాన రైలు వస్తది" అంది శోభా తాయి. "గేటు పడంగనే లారీలు, మోటర్లు అన్ని కలిసి హారన్ కొడ్తయి. బరా, మంచిగుంటది."

"తలుపు కాడ పడక వద్దు. కిటికి ఉంటదా?"

"మాకు రెండున్నయి" అంది ఆమె.

"మాకు ఒకటే" అన్నాడు మల్లయ్య. అబద్ధం చెప్పడం ఆయనకు రాదు, అదే అక్కడ ఆయన కష్టం. "నీళ్ళు మాత్రం దినం వస్తయి."

నర్సయ్య ఇటు చూశాడు, అటు చూశాడు. కిటికీ బయట మంచు విడిచిపెడుతోంది, ఎండ ఒక పలుచటి బట్టలా వచ్చి మంచం మీద పరుచుకుంది. ఆయన ఆ ఎండను వేళ్ళతో తడిమాడు, నేత ఎలా ఉందో చూస్తున్నట్టు.

"ఈయన నిన్నటి సంది ఇంటికి పోలేదా?" అని నన్ను అడిగాడు, మల్లయ్యను చూపిస్తూ.

"పోలేదు. నువ్వు దొరికేదాకా పోనన్నాడు."

"బువ్వ?"

"వాళ్ళావిడ పక్కన పెట్టింది. అక్కడే ఉంది."

నర్సయ్య నిట్టూర్చాడు. "నస్పూరే రాయున్రి సార్. తాయీ, ఏమనుకోకు బిడ్డా. నువ్వు కడుపుల పెట్టుకొని చూసినవు. కానీ నేను ఈడుంటె ఈయన ఇంటికి పోయేటట్టు లేడు."

శోభా తాయి కలం నా చేతిలోంచి తీసుకుని, తన ఫారం మీద ఆ వరుసను తనే కొట్టేసింది. మఫ్లరు మాత్రం తిరిగి తీసుకోలేదు. "కిటికి కాడ్నే పడక ఇయ్యాలె" అని మల్లయ్యతో ఒప్పించుకుంది. మల్లయ్య నస్పూర్ ఫారం మోకాలి మీద పెట్టుకుని, నెమ్మదిగా, అచ్చు అక్షరాలంత జాగ్రత్తగా సంతకం చేశాడు. తరువాత చెప్పులు విడిచి, మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇగ ఇంటికి పో అన్నా" అన్నాడు నర్సయ్య.

"నిన్ను ఇడిసేది ఎల్లుండట. గప్పుడు పోత."

జేబులో ఫోను మోగింది. లచ్చవ్వ. వార్డులో ఉన్న అందరికీ ఆమె ప్రశ్న వినపడింది. మల్లయ్య ఫోను నర్సయ్య చేతికి ఇచ్చేశాడు. నర్సయ్య దాన్ని చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాడు, సెలైన్ ఉన్న చేతిని కూడా ఆసరా తెచ్చుకున్నాడు.

"అక్కా, నేను నర్సయ్యను. గా తొమ్మిదో నంబరును. ఆఁ, మంచిగనే ఉన్న. ఫికర్ చెయ్యకు. ఈయన్ని ఎల్లుండి నేనే తోల్కొస్త."